మా జేజి పడవను ఎందుకు తిప్పింది

సుధా, పెన్ను తీశావా? నేను చెప్పినట్టే రాయి. బడిలో నేర్పిన పెద్ద మాటలు మధ్యలో దూర్చొద్దు. ఇది చదివేవాళ్లు ఆ కాలువ చూసి ఉండరు, వాళ్లకు అర్థం కావాలి.

పులివెందులలో పుట్టి పెరిగినవాళ్లకు పడవ అంటే సినిమాలో చూసేదే. ఈ ఊళ్లో యాభై ఏళ్లు కాపురం చేసిన నేను పడవల వాళ్ల పిల్లనంటే ఎవరూ నమ్మరు. మీ తాత బతికున్నప్పుడు "నువ్వు చేపకు పుట్టినావా యేంది" అని ఎగతాళి చేసేవాడు. కానీ నిజం. కర్నూలు నుంచి కడప దాకా వచ్చే కె.సి. కాలువ ఇప్పుడు పొలాలు తడిపే కాలువ. ఒకప్పుడు దాని మీద సరుకు పడవలు నడిచేవి. మా అబ్బ, అంటే మా నాయన వాళ్ల నాయన, ఆయన అన్న ఓబయ్య, ఇద్దరి సంసారాలూ ఒకే పడవ మీద. ఇల్లూ అదే, పనీ అదే. ఓబయ్య అబ్బ గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాడు. మా జేజి నాగమ్మ, అంటే అబ్బ భార్య, వెనక కూర్చుని చుక్కాని పట్టేది.

ఒకరోజు ఓబయ్య అబ్బ కాలు జారి కాలువలో పడ్డాడు. మా జేజి పడవను ఆయన వైపు కాకుండా అవతలి గట్టు వైపు తిప్పింది. ఆయన చనిపోయాడు. "నీళ్లలో ఉన్న మనిషిని వదిలేసి పడవను తిప్పుకుని పోయింది" అన్నారు ఆయన వైపు వాళ్లు. ఆ రోజుతో ఒక కుటుంబం రెండయింది. మాటల్లేవు, పెళ్లిపత్రికల్లేవు, ఒకరింట్లో ఒకరు మంచినీళ్లు కూడా ముట్టరు. జేజి మంచాన పడేనాటికి నాకు పదేళ్లు. గోడ వైపు తిరిగి పడుకుని "తిప్పాల్సినట్టే తిప్పినా గదా" అంటుండేది. ఎవరితో అంటోందో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ వైపు పాతవాళ్లలో ఓబయ్య అబ్బ మనవరాలు ఓబులమ్మ ఒక్కతే మిగిలిందని, ఎనభై అయిదు దాటాయని, మైదుకూరు అవతల కాలువ పక్క పల్లెలో ఉందని ఈ మధ్యే తెలిసింది. నాకు వదిన వరస. నా జీవితంలో ఆమెను చూడలేదు. ఆమె నోటితో "మీ జేజి తప్పు లేదు" అనే ఒక్క మాట వినాలి. అందుకే బయలుదేరాను. మూడు రోజుల ప్రయాణం.

జమ్మలమడుగులో చిన్నాయన అరుగు

ఆడవాళ్లకు బస్సులో ఇప్పుడు టికెట్టు డబ్బులు లేవు కాబట్టి కిటికీ పక్క సీటు కోసం మాత్రమే పోట్లాట. ముద్దనూరు దాకా ఒకామె నాతో పోట్లాడింది, అక్కడి నుంచి నాకు బొరుగులు పెట్టింది. మన వైపు జనమే అంత, గట్టిగా అరుస్తారు, గట్టిగానే పెడతారు.

జమ్మలమడుగులో మా చిన్నాయన ఉన్నాడు, మా నాయన ఆఖరి తమ్ముడు. తొంభైకి రెండు తక్కువ. చెవులు సరిగా వినపడవు గానీ నోరు బాగా పనిచేస్తుంది. నాపరాతి అరుగు మీద కూర్చుని ఎర్రకారం పూసిన దోసె తింటున్నాడు. బజారు నుంచి తెప్పించిన దోసె, ముప్పై రూపాయలు. మన దగ్గర నలభైకి కూడా ఆ కారం రాదు.

"యాడికి మే, సంచి నిండా బట్టలు సర్దుకోని?" అన్నాడు.

"ఓబులమ్మ వదిన దగ్గరికి సిన్నాయనా."

నమలడం ఆపేశాడు. "ఆ ఇంటికా? పోయి ఏం జేస్తావు? కాళ్లు మొక్కతావా?"

"జేజి పడవను ఎందుకు తిప్పిందో నాకు సరిగ్గా సెప్పు ముందు. సగం సగం ఇనడమే గానీ ఎవురూ నిలబెట్టి సెప్పల్యా."

ఆయన దోసె పక్కన పెట్టి, తన చెప్పు తీసి అరుగు మీద పెట్టాడు. చెయ్యి కడుక్కోమంటే వినలేదు.

"ఇది పడవ. నిండా నాపరాళ్లు. ఈ అరుగు అంచు గట్టు. లాగే మనిషి ఈడ పడినాడు, పడవకూ గట్టుకూ మద్దెన. తాడు లాగేటోడు పడినాడని పడవ ఆగుతాదా? అంత బరువు! వచ్చి గట్టుకు కొట్టుకుంటాది. మద్దెన మనిషి ఉంటే?"

"నలిగిపోతాడు."

"ఆ! అందుకే లాగేటోడు పడితే పడవను అవతలికి తిప్పల్ల. పడవలోల్ల ఇంట్లో పుట్టిన పిల్లోల్లకు గూడా తెలుసు ఆ మాట. మా అమ్మ అట్లే తిప్పింది."

"మరి యాల సచ్చిపోయినాడు?"

"తాడు నడుముకు కట్టుకున్యాడు. పడవ అట్ల తిరిగితే మనిషి గూడా దాని ఎంబడి నీళ్లలో ఈడ్సకపోయినాడు. మా నాయన కాలవ లాకు తలుపులు తెరిపిచ్చేదానికి ముందుకు పోయినాడు, అరుపులిని పరిగెత్తుకోని వచ్చి, దుంకి నడుము కాడ తాడు కోసినాడు, ఆ తాడు నీళ్లలో కొట్టకపోయె. అప్పుటికే అయిపోయె. తాడు కట్టుకోని ఉన్యాడంటే వాళ్లు నమ్మల్యా. లాగేటోడు ఎవుడన్నా ఒంటికి తాడు ముడేసుకుంటాడా, మీ ఆడదాన్ని కాపాడుకునేదానికి మీరే అల్లినారు అన్యారు."

అదీ సంగతి. ఆయన అప్పటికి పుట్టనేలేదు, అయినా నిన్న జరిగినట్టు చెప్పాడు. బయలుదేరేటప్పుడు వేలు చూపించి మరీ అన్నాడు: "ఆ ఇంట్లో నీళ్లు మాత్రం తాగొద్దు. దప్పికయితే సచ్చిపో."

ప్రొద్దుటూరులో తాళ్ల అంగడి

ప్రొద్దుటూరు బజారు సంగతి రాయడం మొదలుపెడితే నీ నోటుబుక్కు చాలదు. బంగారు అంగళ్లలో జనం కూరగాయలు ఏరినట్టు గాజులు ఏరుతున్నారు. నాకు కావలసింది మాత్రం తాళ్ల అంగడి. చిన్నాయన మాటలో ఒకటి నాకు గుచ్చుకుంది. ఆ వైపు వాళ్లు అన్నదీ నిజమే కదా, లాగేవాడు తాడు ఎందుకు కట్టుకుంటాడు?

సందులో ఒక ముసలి సాయిబు, పేరు ఖాసిం, తాళ్ల చుట్టల మధ్య కూర్చుని ఉన్నాడు. కొడుకు కువైట్‌లో ఉన్నాడట, అంగడి మూసెయ్యమంటాడట, ఈయన మూయడట. అంతా నైలాను తాడే, కిలో రెండు వందల యాభై. నేను కాలువ పడవల మాట ఎత్తగానే స్టూలు తుడిచి వేశాడు.

"మా తాత ఆ పడవలకు జనుప తాళ్లు పేనేటోడు అమ్మా. నూరు బారల తాడు, యాడా అతుకు కనపడేది కాదంట. మీరు పడవలోల్లా? రా, కూసో, చాయ్ తాగు."

లాగేవాళ్లు తాడు ఎలా పట్టేవాళ్లని అడిగాను. ఆయన ఒక వెడల్పాటి పట్టీని మడిచి తాడు కొసకు తగిలించి, నా భుజం మీద నుంచి ఎదురు రొమ్ము మీదుగా ఊరికే ఆనించి, తాడు ఇంకో కొస తాను పట్టుకున్నాడు.

"ఇంగ నడువు."

నడిచాను. తాడు బిగిసింది. బరువు ఒంటి మీద పడింది గానీ ఎక్కడా ముడి లేదు. "ఇప్పుడు పడిపోయినట్టు ఒంగు" అన్నాడు. డెబ్బై రెండేళ్ల దాన్ని, నడిబజార్లో ఒంగాను. పట్టీ దానంతట అదే భుజం మీద నుంచి జారి కింద పడింది.

"సూసినావా? మనిషి పడితే తాడు ఊడల్ల. లాగే తాడుకు ముడి లేదు. మా తాత మాట ఇది. పిల్లోల్లకు మాత్రం కట్టేటోల్లంట. పడవ మీద పాకే పిల్లోడు నీళ్లల్లో పడకుండా నడుముకు తాడు, ఇంగో కొస పడవ కొయ్యకు. ఆ ముడి తడిస్తే ఇంగా బిగుస్తాది. విప్పాలంటే పండ్లతో పీకల్ల."

ఎంత తెలివి, చూడు. ఒకే పడవ మీద రెండు తాళ్లు. ఒకటి వదలాలి, ఒకటి వదలకూడదు. చదువు లేని మనుషులు, వాళ్ల ఆడవాళ్లు ఇసుక పోసిన పెట్టెలో పొయ్యి పెట్టి, నీళ్ల మీద సంగటి గెలికి, బిడ్డలను కని, పెంచారు. నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వం పక్కనే భయం కూడా వేసింది. ఇంత తెలిసిన మనిషి నడుముకు ముడి వేసుకున్నాడంటే నేనే నమ్మలేకపోయాను. మా వాళ్లే అబద్ధం చెప్పారా?

పట్టీకి డబ్బులు ఇవ్వబోతే ఖాసిం సాయిబు తీసుకోలేదు. "బజార్లో ఒంగి సూపిచ్చినావు గదమ్మా, అదే సాలు. సాయంత్రం దాకా నవ్వుకుంటా."

పొరపాటున రాజుపాలెం

మైదుకూరు బస్సు అనుకుని రాజుపాలెం బస్సు ఎక్కాను. తప్పు నాది కాదు, బోర్డు చూడబోతుంటే పక్కామె ఊరిబిండి పచ్చడి ఎలా నూరాలో చెబుతోంది. వేయించిన చెనిక్కాయలతో పాటు కాస్త కాల్చిన వంకాయ వెయ్యాలట. నువ్వు రాసుకో, మనమూ చేద్దాం. ఊరు దాటాక కండక్టరు నా దగ్గరికి వచ్చి "అవ్వా, మైదుకూరు అట్ల, నువ్వు ఇట్ల" అన్నాడు.

రాజుపాలెంలో దిగి, చెనిగపప్పు అమ్ముకుని ఇంటికి పోతున్న ఒక ఆటో ఎక్కి వెనక్కి ప్రొద్దుటూరుకు వచ్చాను. ఆ ఆటో అబ్బాయి డబ్బులు తీసుకోలేదు, ఖాళీ సంచుల మీద కూర్చోబెట్టాడు. చీర నిండా పప్పు పొట్టు. మార్చుకునే తీరిక లేక అదే చీరతో వదిన ఇంటికి పోవాల్సి వచ్చింది.

లాకు రాళ్లు

మైదుకూరు దాటితే కళ్లు చల్లబడతాయి. ఎటు చూసినా వరి. మన పులివెందులలో బిందె నీళ్లను కాళ్లకు కొంచెం, చెట్టుకు కొంచెం అని పంచుకుంటాం కదా. అక్కడ ఒకాయన చేలో నీళ్లు ఎక్కువయ్యాయని కాలువను తిడుతున్నాడు. నీళ్లను తిట్టే మనిషిని నేను అదే మొదటిసారి చూడటం.

కాలువ గట్టు మీద లస్కరు ఒకాయన ఎదురయ్యాడు. లస్కరు అంటే కాలువ తలుపులు ఎత్తి దించే మనిషి. నేను పాత లాకు ఎక్కడని అడిగితే సైకిలు దిగి తోసుకుంటూ వెంట వచ్చాడు. కాలువ ఎత్తు నుంచి పల్లానికి దిగే చోట పడవను ఆపి, నీళ్లు నింపి, వదిలి, మెల్లగా దించే రాతి తొట్టి లాంటిది లాకు. తలుపులు ఎప్పుడో పోయాయి, రాళ్లు మాత్రం ఉన్నాయి. సున్నం కనపడని కట్టుడు. మూల రాయి అంచున వేలు పట్టేంత లోతు గాడులు, ఒకదాని కింద ఒకటి, ఏడెనిమిది.

"ముప్పై ఏండ్లుగా సూస్తాండా అమ్మా. ఎవురో కత్తులు నూరినారనుకుంటి" అన్నాడు.

నేను ఒక గాడిలో వేలు పెట్టాను. నున్నగా ఉంది. "కత్తులు గాదప్పా, తాళ్లు. పడవలు లాగిన తాళ్లు ఈ మూలన ఒరుసుకోని ఒరుసుకోని రాయి అరిగింది."

ఆయన కూడా వంగి వేలు పెట్టాడు. "నారతాడుతో రాయి అరిగిందా?" అని, కాసేపటికి "ఎన్ని మార్లు నడిసింటారో" అన్నాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు, గుడి ముందు నిలబడినట్టు. నాకు ఆ మనిషి మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

ఓబులమ్మ వదిన

ఎండలో గట్టు దిగి ఇల్లు పట్టుకునేసరికి నాలుక పిడచకట్టింది. గుమ్మంలో ఒక కోడలు పిల్ల చెంబుతో నీళ్లిచ్చింది. గటగటా తాగేశాను. చెంబు దించాక గుర్తొచ్చింది, నేను ఎవరింట్లో ఉన్నానో.

మంచం మీద నుంచి ఒక గొంతు వచ్చింది. "ఎవురు మే అది, బర్రె తాగినట్ల తాగుతాండాది?"

"నాగమ్మ మనవరాల్ని వదినా. పులివెందల నుంచి వచ్చినా."

ఆమె లేచి కూర్చుంది. పిట్టంత మనిషి, కళ్లు మాత్రం పెద్దవి. నన్ను కిందా మీదా చూసింది, చీర మీద పప్పు పొట్టు చూసింది. "మా ఇంట్లో నీల్లు తాగినావే. మీ వాళ్లు ఒప్పుకున్యారా?"

"దప్పికయితే సచ్చిపొమ్మన్యాడు మా సిన్నాయన."

"మరి సావకపోతివే?"

ఇద్దరం నవ్వాం. వంద ఏళ్ల పగ ఆ చెంబుతోనే సగం పోయినట్టు అనిపించింది నాకు. సంగటి, గోంగూర పెట్టింది. తిన్నాక చెయ్యి తుడుచుకుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఉన్న మాట అడిగేశాను.

"వదినా, మా జేజి తప్పు చేసిందా?"

ఆమె ఆలోచించలేదు. "లేదు. మీ జేజి తప్పు లేదు. తిప్పాల్సినట్లే తిప్పింది."

నేను దేనికోసం వచ్చానో అది దొరికింది. అంత సులభంగా దొరుకుతుందని అనుకోలేదు. లేచి ఆమె చేతులు పట్టుకోబోయాను. ఆమె వెనక్కి తీసుకుంది.

"కూసో. అంతా ఇనలేదు నువ్వు. మా అబ్బ నడుముకు తాడు ఉన్న మాట నిజమే. ముడేసింది మా అమ్మ."

వాళ్లమ్మ చెన్నమ్మ, ఓబయ్య అబ్బ కూతురు. ఆ రోజుకు ఆమెకు ఎనిమిదేళ్లు. నాయన వెంట గట్టు మీద నడుస్తోంది. ఓబయ్య అబ్బకు భుజం మీద సెగగడ్డ లేచింది, తాడు ఆనితే ప్రాణం పోతోంది. కాసేపు నడుముకు వేసుకుని లాగుదామనుకున్నాడు. నడుము మీద తాడు నిలవడం లేదు, జారుతోంది.

"జారతాంది నాయనా, కడతా అన్నదంట మా అమ్మ. కట్టుమ్మే అన్యాడంట. ఆ బిడ్డకు తెలిసిన ముడి ఒకటే. పొద్దున్నే వాళ్లమ్మ తమ్ముల్లకు పడవ మీద కట్టే ముడి. తనకు గూడా కట్టిన ముడి. నీల్లలో ఊడిపోకుండా కట్టేది. ఆ ముడే ఏసింది. ఇంగ పది అడుగులు పోతానే కాలు జారినాడు."

ఆ ముడి ఎలా బిగుస్తుందో నాకు నిన్ననే ఒక ముసలాయన చెప్పాడు.

"పెద్దోల్లు మీ జేజి మీద పడినారు. ఎనిమిదేండ్ల పిల్ల, నోరు తెరస్తాదా? భయం. తరవాత పెద్దదయ్యె. అప్పుటికి మాటలే లేవు రెండిండ్లకు. సెప్పినా ఎవురికి సెప్పల్ల? మా అమ్మ బర్రెను గూడా గాటికి కట్టేది కాదు. నాతో, మా అన్నతో కట్టిచ్చేది. కొంగుకు ముడేసుకునేది కాదు. మా నాయన తిట్టేటోడు, ఇదేం ఆడదిరా, సంచి మూతి గూడా కట్టదు అని. సచ్చేటప్పుడు నాకు సెప్పింది. ఎవురికీ సెప్పొద్దు అనలా. సెప్పమని గూడా అనలా. మీ తావుకు రావల్లని ఎన్నిమార్లు అనుకుంటినో. మొగం సాలల్యా."

జేజి మీద పడ్డ నింద తుడిచేసుకుని గెలిచి రావాలని పోయిన దాన్ని. ఆ గెలుపును ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అరవై ఏళ్లు సంచి మూతి కట్టని చెన్నమ్మ కళ్ల ముందు మెదిలింది. మా జేజి కనీసం గోడకైనా చెప్పుకుంది. ఆమె చావు దగ్గరపడేదాకా అదీ చేయలేదు.

"ఇది నేను రాయిస్తా వదినా. మనవరాలు రాస్తాది. పేరు వద్దంటే తీసేస్తా."

"యాల తీసేయడం? చెన్నమ్మ అనే రాయించు. ఎనిమిదేండ్లు అని మాత్రం మరిసిపోవద్దు."

జమ్మలమడుగుకు ఫోను

చిన్నాయనకు చెప్పకుండా ఉండలేకపోయాను. కోడలు పిల్ల ఫోను కలిపి స్పీకరు పెట్టింది. ఆయనకు వినపడాలంటే అరవాలి, నేను అరిచాను, వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి విన్నారు. గడ్డ, తాడు, ముడి, అన్నీ చెప్పాను.

"సిన్నాయనా, ఇంటాండావా?"

"ఇంటాండా. తాడు కట్టి ఉండేమాట నిజమే అన్యమాట." ఇక మొదలుపెడతాడు, చూశారా నేను చెప్పలేదా అని వదిన ముందే అరుస్తాడు అనుకుని ఫోను చేతిలోకి తీసుకోబోయాను. ఆయన అలా అనలేదు.

"ఎనిమిదేండ్ల పిల్ల. ఆ పిల్లకు ఎవురన్నా సెప్పినారా, నీ తప్పు గాదని?"

వదిన మంచం మీద నుంచే గొంతు పెంచింది. "ఎవురూ సెప్పల్యా మామా. ఎవురికన్నా తెలిస్తే గదా సెప్పేదానికి."

వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం జీవితంలో అదే మొదటిసారి. వాళ్లమ్మకు ఈయన తమ్ముడు వరస, అందుకే మామా అంది.

"మీ అమ్మను యాడ పూడ్సినారు?"

"ఈడనే, కాలవ గట్టు కింద. మా సేను మూలన."

"ఆదివారం వస్తా. నన్ను ఆడికి తీసకపోండి. నేను సెప్తా."

ఆదివారం దాకా నేను వదిన ఇంట్లోనే ఉన్నాను. చెప్పినట్టే వచ్చాడు. రెండు కర్రలు పట్టుకుని, కొత్త పంచె కట్టుకుని. వరిమడి గెనెం మీద, ఆ సన్న గట్టు మీద, ఆయనను మెల్లగా నడిపించి, చెన్నమ్మను పూడ్చిన చోట కూర్చోబెట్టి, నేనూ వదినా దూరంగా వచ్చి నిలబడ్డాం. చెవిటి మనిషి, మామూలుగా అయితే మైదుకూరు దాకా వినపడేలా అరుస్తాడు. ఆ రోజు మాత్రం ఆయన గొంతు మాకు వినపడలేదు. పెదవులు కదలడం కనిపించింది. చాలాసేపు చెప్పాడు.